ఒకటో బటన్

అమ్మ కత్తెర కోసం వంటింట్లోకి వెళ్లి వచ్చేలోపే కూతురు టకటక అట్టపెట్టెను గోళ్లతో చింపేసింది. లోపల కొత్త డిజిటల్ రేడియో ఉంది. టిఫిన్ బాక్సంత ఉంటుంది. ముందువైపు చిన్న స్క్రీన్, దాని కింద వరసగా కొన్ని బటన్లు, పక్కన గుండ్రంగా తిప్పే నాబ్, వెనక మడిచిపెట్టిన ఏరియల్.

టకటక అసలు పేరు స్కూలు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. ఇంట్లో ఎవరూ ఆ పేరు జోలికి పోరు. నడిచినా టకటకే, తిన్నా టకటకే, హోంవర్కు చేసినా టకటకే. తప్పులు కూడా అంతే వేగంగా చేస్తుందని అమ్మ అంటూ ఉంటుంది.

పెట్టెలో ఒక కాగితం వచ్చింది. ముందు ఏం చేయాలో, తర్వాత ఏం చేయాలో అందులో వరసగా రాసి ఉంది. అది చదివి మొదలుపెట్టమని అమ్మ చెప్పింది. టకటకకి అంత ఓపిక ఎక్కడిది? ప్లగ్గు పెట్టి స్కాన్ నొక్కేసింది. స్క్రీన్ మీద గీత ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది. స్టేషన్లేవీ దొరకలేదని చూపించింది.

పాడైపోయిన రేడియోని అమ్మకి అంటగట్టారని టకటక అప్పుడే తీర్పు చెప్పేసింది. అమ్మ కాగితం చూసి ఏరియల్ పైకి లాగింది. మళ్లీ స్కాన్ చేస్తే బోలెడు స్టేషన్లు దొరికాయి.

ఇదంతా జరుగుతున్నంతసేపూ నాన్న మూలనున్న కుర్చీలో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. పోయినేడాది వరకు. కళ్లలో ఒత్తిడి పెరిగి నరాలు దెబ్బతిన్నాయి. మొదట పక్కనుంచి వచ్చే స్కూటర్లు కనిపించడం మానేశాయి. తర్వాత ఎదురుగా ఉన్న మనుషులు మసకబారారు. ఇప్పుడు గదిలో లైటు వెలుగుతోందా లేదా అన్నది తప్ప ఇంకేమీ తెలియదు. పోయిన చూపు మళ్లీ రాదని కళ్ల డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు.

అప్పటినుంచి నాన్న మాట్లాడటం తగ్గించేశాడు. టీవీ పెడితే ఆపేయమనేవాడు. అందరూ ఏదో చూస్తున్నారు, తనకి మాత్రం చెప్పడం లేదు అన్నట్టు ఉంటుందట. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనికి, టకటక స్కూలుకి వెళ్లిపోతే ఇంట్లో ఆయన ఒక్కడే. ఉలుకూ పలుకూ లేకుండా సాయంత్రం దాకా అలా కూర్చుని ఉండేవాడు. చూసి చూసి అమ్మకి భయం పట్టుకుంది. అందుకే రేడియో కొంది.

ఏ స్టేషన్ కావాలని అమ్మ రెండు మూడుసార్లు అడిగింది.

"పొద్దున ట్రాఫిక్ సంగతులు చెబుతారే, అది," అన్నాడు నాన్న చివరికి. "ఏ రోడ్డు జామైందో చెప్పేది."

బస్సే నడపని మనిషికి ట్రాఫిక్ సంగతులు ఎందుకో టకటకకి అర్థం కాలేదు. అమ్మకి అర్థమైంది. ఆమె మొహం అటు తిప్పుకుంది.

టకటక ఆ స్టేషన్ వెతికి ఒకటో బటన్‌ని కాసేపు నొక్కిపట్టింది. అలా నొక్కిపడితే ఆ స్టేషన్ ఆ బటన్ మీద నిలిచిపోతుంది. తర్వాత ఎప్పుడు నొక్కినా, రేడియో ఆపి ఉన్నా సరే, అదే వస్తుంది.

రేడియోని నాన్న కుర్చీ పక్కన బల్ల మీద పెట్టారు. నాన్నకి నేర్పే పని మాత్రం అమ్మదే. కుర్చీ చేతి మీద నుంచి బల్ల అంచు, బల్ల అంచు నుంచి రేడియో, రేడియో ఎడమ కొస నుంచి మొదటి బటన్. రోజూ పనికి వెళ్లే ముందు అమ్మ ఆయన చేయి పట్టుకుని అదే దారిలో నడిపించేది. ఒకరోజు నాబ్ దొరికేది. ఒకరోజు చేయి తగిలి మంచినీళ్ల గ్లాసు దొర్లిపోయేది. ఆ నీళ్లు తుడుస్తూ అమ్మ రేపు చూద్దాం అనేది.

ఒక పొద్దున రేడియో తనంతట తానే మాట్లాడినట్టు వినిపించింది. అమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. నాన్న చేయి ఇంకా బటన్ మీదే ఉంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నాన్న ఎవరూ అడక్కుండానే నోరు విప్పాడు. వంతెన రోడ్డు తవ్వేశారట. పాపం డ్రైవర్లు సందుల్లోంచి తిప్పుకుని వెళ్లాలట. ఆ సందులో బస్సు తిప్పడమంటే ఏనుగుకి బాత్రూంలో స్నానం చేయించినట్టేనట. అమ్మ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది.

అలా కొన్నాళ్లు బాగానే గడిచింది. ఇంతలో శనివారం వచ్చింది.

మధ్యాహ్నం అమ్మ డ్యూటీలో ఉంది. నాన్న లోపలి గదిలో నిద్రపోతున్నాడు. టకటకకి పాటలు వినాలనిపించింది. రేడియో ఉన్న మూలలో పాటల స్టేషన్ సరిగా అందక, నీళ్లలోంచి పాడుతున్నట్టు గుడగుడమంది. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. పాట శుభ్రంగా వచ్చింది. మాటిమాటికీ నాబ్ తిప్పి వెతుక్కోవడం ఎందుకని ఆ స్టేషన్‌ని ఒకటో బటన్ మీద పెట్టేసింది. ఆ బటనే చేతికి వాటంగా ఉంది. తర్వాత మార్చేద్దాంలే అనుకుంది.

కింద నుంచి స్నేహితురాలు ఆడుకోవడానికి పిలిచింది. టకటక రేడియో కట్టేసి, తెచ్చి బల్ల మీద పెట్టేసి, మెట్లు దిగి పరిగెత్తింది. ఆ 'తర్వాత' అన్నది మళ్లీ ఆమె బుర్రలోకి రానే లేదు. ఆదివారం ట్రాఫిక్ సంగతులు ఉండవు కాబట్టి నాన్న రేడియో ముట్టుకోలేదు. సోమవారం అమ్మ తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లిపోయింది. టకటక స్కూలుకి పరుగు తీసింది.

సాయంత్రం వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. రేడియో బల్ల మీద లేదు. చిరిగిన అట్టపెట్టెలోకి మళ్లీ చేరింది.

అమ్మ పొయ్యి దగ్గర నిలబడి గొంతు తగ్గించి చెప్పింది. పొద్దున నాన్న బటన్ నొక్కితే పాటలు వచ్చాయట. పొరపాటు పడ్డానేమోనని మళ్లీ మొదటినుంచి తడుముకుంటూ వచ్చి నొక్కాడట. మళ్లీ పాటలే. మిగతా బటన్లన్నీ నొక్కి చూశాడట. ఆ స్టేషన్ ఎక్కడా లేదట. కళ్లే అనుకున్నాను, బుర్ర కూడా పోయింది, ఒక్క బటన్ గుర్తుపెట్టుకోలేని వాడికి రేడియో ఎందుకు, వాచ్‌మన్‌కి ఇచ్చెయ్ అన్నాడట. మధ్యాహ్నం కోసం పెట్టి వెళ్లిన భోజనం మూత కూడా తీయలేదట.

టకటక తేలు కుట్టిన దొంగలా అవతలికి వెళ్లింది. అమ్మ చూడకుండా పెట్టె తెరిచి, రేడియోకి ప్లగ్గు పెట్టి, ట్రాఫిక్ స్టేషన్ వెతికి, ఒకటో బటన్‌ని నొక్కిపట్టింది. అంతా మామూలైపోయింది. హమ్మయ్య అనుకుని రేడియోని నాన్న దగ్గరికి తెచ్చి ప్లగ్గు పెట్టింది.

"నాన్నా, నొక్కి చూడు. వస్తోంది," అంది.

నాన్న చేయి కదల్లేదు.

"వస్తుందమ్మా. దానికేం, బాగానే ఉంది," అన్నాడు. "పాడైంది నేనే."

టకటక తను చేసిన తప్పుని చప్పుడు చేయకుండా సరిచేస్తే సరిపోతుందనుకుంది. ఇప్పుడు రేడియోలో తప్పు లేకపోయేసరికి తప్పంతా నాన్న మీదే పడింది. అప్పుడే చెప్పేసి ఉంటే ఎంత బాగుండేది. కానీ చెబితే నాన్న ఇంకెప్పుడూ తనని నమ్మడేమోనని భయం వేసింది.

మర్నాడు నాన్న గోడ పట్టుకుని బాత్రూంకి వెళ్లడం మానేశాడు. దారి తప్పుతానేమోనని అమ్మ వచ్చేదాకా అలాగే ఉగ్గబట్టుకుని కూర్చున్నాడు. ఆ మర్నాడు గడ్డం గీసుకోలేదు. అట్టపెట్టెలోకే తిరిగి వెళ్లిన రేడియో ఊసే ఎత్తలేదు. చేతిలో పెట్టిన గ్లాసుని కూడా ఇది గ్లాసేనా అని అడిగి తాగాడు.

ఆ సాయంత్రం టకటక మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది. అమ్మ కుళాయి తిప్పి ఉంచి సింకు మీదికి వంగి ఏడుస్తోంది. లాండ్రీ మందులకి పగిలిపోయిన చేతులతో నోరు మూసుకుంది. చప్పుడు బయటికి రాకూడదని. టకటక నీళ్లు తాగకుండానే వెనక్కి తిరిగి నాన్న కుర్చీ దగ్గరికి వెళ్లింది. ఆమె జీవితంలో అంత నెమ్మదిగా ఎప్పుడూ నడవలేదు.

"నాన్నా, ఒకటో బటన్ నేను మార్చాను."

నాన్న తల ఇటు తిప్పాడు. "ఎప్పుడు?"

"శనివారం. పాటల కోసం. మళ్లీ మార్చడం మర్చిపోయాను. నువ్వు నొక్కింది సరైన బటనే."

"మళ్లీ చెప్పు."

"నువ్వు సరైన బటనే నొక్కావు నాన్నా. సోమవారం నేనే దొంగతనంగా సరిచేసి, ఏమీ తెలియనట్టు ఊరుకున్నాను."

నాన్న కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఇన్ని రోజులా? ఇన్ని రోజులూ నాకు పిచ్చెక్కుతోందనుకున్నానే. నా చేతులు నాకే అబద్ధం చెబుతున్నాయనుకున్నాను." ఆయన గొంతు అంత పెద్దగా లేవడం టకటక ఎప్పుడూ వినలేదు.

టకటక వెక్కి వెక్కి ఏడ్చింది. నాన్న ఊరుకోమనలేదు. గుమ్మంలోకి వచ్చిన అమ్మ కూడా ఊరుకోమనలేదు. ఏడ్చి ఏడ్చి టకటక తనే ఆగింది.

చాలాసేపటికి నాన్న మామూలు గొంతుతో మాట్లాడాడు. "బస్సులో డ్యూటీ మారేటప్పుడు, దిగే డ్రైవరు ఎక్కే డ్రైవరుకి అన్నీ చెప్పి దిగుతాడు. సీటు జరిపాను, అద్దం తిప్పాను, బ్రేకు కాస్త లూజుగా ఉంది అని. చెప్పకుండా దిగిపోయిన వాడితో మావాళ్లు టీ కూడా తాగరు."

ఆ పెట్టె ఇటు తెమ్మని చేయి చాపాడు.

టకటక రేడియో తీసి, ఏరియల్ లాగబోయి ఆగింది. రేడియోని నాన్న ఒళ్లో పెట్టి తన చేతులు వెనక్కి కట్టుకుంది. నాన్న దాన్ని అంతా తడిమి చూసుకున్నాడు. ఏరియల్ తనే లాగాడు. బల్ల మీద తనే పెట్టుకున్నాడు. తీగ చివర ప్లగ్గుని అమ్మకి అందించాడు. ఒకటో బటన్ నొక్కితే ఎవరో నీళ్ల పైపుల గురించి మాట్లాడుతున్నారు. ఆ వేళకి ట్రాఫిక్ సంగతులు రావు. అయినా నాన్న అవన్నీ వింటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత అన్నీ చక్కబడిపోలేదు. నాన్నకి చూపు రాలేదు, రాదు కూడా. కొన్ని రోజులు పొద్దున ఆయన చేయి బటన్ దాకా వెళ్లి, నొక్కకుండానే వెనక్కి వచ్చేసేది. అలాంటి రోజు టకటక బడిలో ఏ పాఠం వింటున్నా ఆ చేయే గుర్తొచ్చేది.

వర్షం పడుతున్న ఒక పొద్దున టకటకకి షూ ఒకటి కనిపించలేదు. వెతికి వెతికి రేడియో బల్లని పక్కకి నెట్టి, దాని కింద నుంచి లాగి తొడుక్కుని పరిగెత్తింది. కింద స్నేహితురాలు గొడుగు పట్టుకుని ఎదురుచూస్తూ ఆలస్యమైందని గోల చేస్తోంది. టకటక సగం మెట్లు దిగి ఠక్కున ఆగిపోయింది. గిరుక్కున తిరిగి మళ్లీ పైకి ఎక్కింది.

"నాన్నా, బల్ల జరిపాను," అంది రొప్పుతూ.

"ఎటు?"

"కిటికీ వైపు. జానెడు. గ్లాసు అవతలి అంచున ఉంది. బటన్లు ముట్టుకోలేదు."

నాన్న చేయి చాచాడు. ఎప్పుడూ బల్ల ఉండే చోట ఏమీ తగల్లేదు. టకటక చేయి అందించబోయి ఆగింది. ఆయన చేయి గాలిలో ఒక్క క్షణం నిలిచి, కిటికీ వైపు ఇంకో జానెడు వెళ్లింది. బల్ల అంచు దొరికింది. రేడియో దొరికింది. రింగు రోడ్డులో నీళ్లు నిలిచిపోయి బస్సులు నెమ్మదిగా కదులుతున్నాయని ఒక గొంతు చెప్పడం మొదలుపెట్టింది.

"సరే," అన్నాడు నాన్న. "ఇక నువ్వు డ్యూటీ దిగు."