తుంటి ముక్క, మూడో సంతకం

“మీకు మాంసం పంచడం ఎవరైనా నేర్పారా, లేక దానికీ టెండర్ పిలిచారా?”

జిపార్ నా ఎదురుగా నిలబడి అన్న మొట్టమొదటి మాట ఇదే. ఫోన్లో అయితే మూడు నెలలుగా పోట్లాడుకుంటూనే ఉన్నాం. నేను తెరెక్-సూ ఊరి కౌన్సిల్ ఆఫీసులో, తను మా కింది ఊరు కోక్-జార్ ఆఫీసులో. ఈ రెండు ఊళ్ళూ, పక్కనున్న బోజ్-అదిరూ కలిసి ఒకే చెత్త శుద్ధి కేంద్రం కొనుక్కోవాలని మొదలుపెట్టిన పని. ఏ ఒక్క ఊరి వల్లా అయ్యేది కాదు. మూడు కౌన్సిళ్ళ పెద్దలూ సంతకం పెడితేనే టెండర్ బయటికి వెళ్తుంది.

కాగితాలు రాసింది మేమిద్దరమే. నేను రాసిన ప్రతి పేజీలోనూ జిపార్ తప్పు పట్టేది. పట్టని రోజు నాకు అన్నం సయించేది కాదు, అది వేరే సంగతి.

ఆ మంగళవారం సంతకాలకి ముందు మా ఊళ్ళో విందు. వడ్డన నాది.

“ఇప్పుడు నేనేం చేశానండీ?” అన్నాను. చేతికింకా కొవ్వు అంటుకునే ఉంది.

“తుంటి ముక్క ఎవరికిచ్చారు?”

“ఇంజనీరుగారికి. పాపం ఈ కేంద్రం పని మీద రాజధాని బిష్కెక్ నుంచి వచ్చారు కదా, అతిథి అని...”

“ఆయనకి ముప్పై ఏళ్ళు! పక్కనే కూర్చున్న మా నాన్నకి డెబ్బై రెండు. తుంటి పెద్దవాళ్ళకి, ఛాతీ అల్లుడికి. ఈ మాత్రం పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. మీరేమో మా నాన్న ముందు మెడ ముక్క పెట్టారు!”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాళ్ళ నాన్న సాపర్బెక్ కోక్-జార్ కౌన్సిల్ పెద్ద. మిగతా ఇద్దరూ సరేనన్నారు, మిగిలిన మూడో సంతకం ఆయనదే. మెడ ముక్క వైపు ఓసారి చూశాడు, టోపీ సర్దుకున్నాడు, లేచి వెళ్ళిపోయాడు.

టెండర్ గడువు శుక్రవారం మధ్యాహ్నం. దాటిందా, ఆ యంత్రాలకిచ్చే డబ్బు ఇంకో జిల్లాకి పోతుంది. మా ఊరి చెత్తకుప్ప ఎప్పట్లాగే తగలబడుతూ ఉంటుంది. ఆ పొగంతా దిగి కోక్-జార్ మీద కూర్చుంటుంది. జిపార్ వాళ్ళమ్మ ఏప్రిల్ నుంచి కిటికీ తెరవలేదట. ఇదంతా నా చేతి పొరపాటు వల్ల ఆగిపోతుందా? ఆగనివ్వను అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కోక్-జార్ వెళ్ళాను. సాపర్బెక్ పెద్దయ్య నిచ్చెనెక్కి ఆప్రికాట్ పళ్ళు కోస్తున్నాడు. దిగలేదు.

“పెద్దయ్యా, తప్పయిపోయింది. నన్ను తిట్టండి, కొట్టండి, సంతకం మాత్రం...”

“నిన్నెందుకు కొడతాన్రా?” అన్నాడు చెట్టుతో మాట్లాడినట్టు. “మీ ఊరు ఇరవై ఏళ్ళుగా మాకు పొగ పంపుతోంది. ఒక్కడు వచ్చి క్షమించమన్నాడా? ఇప్పుడు మెడ కూడా మాకే పెట్టారు. లెక్క సరిపోయింది. వెళ్ళిరా.”

నేను వెనక్కి తిరిగాను. ఆయనన్నదాంట్లో అబద్ధమేముంది?

గేటు దగ్గర జిపార్ నిలబడి ఉంది.

“ఏడుస్తున్నారా?”

“లేదు, పొగ.”

“మేం పీల్చే పొగ ఒక్క పూటకే ఇంత మండుతోందా?” అని నవ్వింది. నవ్వుతుంటే ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. ఫోన్లో అది కనపడేది కాదు. వెంటనే ముఖం గట్టిగా పెట్టింది. “మీ పెద్దల్ని కూడా ఒక్కసారి ఈ పొగలో కూర్చోబెట్టండి, తెలుస్తుంది.”

అక్కడే నాకు బుర్రలో దీపం వెలిగింది.

“కూర్చోబెడతాను. మీ నాన్నగారిని తీసుకొస్తారా?”

“మోసుకొస్తాను,” అంది. “ఈసారి తప్పుగా పంచారంటే మాత్రం మీ ఫోన్ ఎత్తను. జన్మలో ఎత్తను.”

శుక్రవారం పొద్దున గొర్రెని కోశాం. విందుకి కూర్చునే కంబళి మాత్రం హాల్లో పరవలేదు. చెత్తకుప్ప పక్కన పరిచాను.

“ఒరేయ్ ఎర్మెక్, నీకేమైనా పిచ్చా?” మా కౌన్సిల్ పెద్ద ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“నాకొక్కడికేనా బాబాయ్? ఇరవై ఏళ్ళుగా మనందరికీ.”

బోజ్-అదిర్ పెద్ద ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. చివరికి జిపార్ బండి ఆగింది. సాపర్బెక్ పెద్దయ్య దిగి కుప్పని చూశాడు, కంబళిని చూశాడు, నన్ను చూశాడు. వచ్చి కూర్చున్నాడు.

నేను పళ్ళెం ఎత్తాను. తుంటి ముక్క తీసి మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ముందు పెట్టాను.

“పెద్దయ్యా, ఈ పొగ మాది. ముందే మీ గడప తొక్కి ఈ మాట అనాల్సింది. అనలేదు. మా ఊరి తరఫున క్షమించండి.”

మా బాబాయ్ నన్ను మింగేసేలా చూశాడు. అంతలో గాలి తిరిగి పొగంతా ఆయన ముఖానికే కొట్టింది. దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకున్నాడు.

“కుర్రాడన్నది నిజమే, సాపర్బెక్ అన్నా,” అన్నాడు చివరికి. “తప్పు మాదే.”

పెద్దయ్య కత్తి తీసి తుంటి ముక్కలోంచి ఒక్క ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు. నిదానంగా నమిలాడు.

“ఆ కాగితం ఎక్కడుంది?”

జిపార్ అప్పటికే మోకాళ్ళ మీద ఫైలు తెరిచి ఉంచింది. పదకొండున్నరకి మూడో సంతకం పడింది. నేను గట్టిగా ఊపిరి పీల్చి, ఆ పొగకి నేనూ దగ్గాను.

అప్పుడు పెద్దయ్య పళ్ళెంలో చెయ్యిపెట్టి ఛాతీ ముక్క తీసి నా ముందు పెట్టాడు.

“పెద్దయ్యా, పొరపాటు... ఇది నాది కాదు, ఇది అల్లుడి...”

“మూడు నెలలుగా మా ఇంట్లో పొద్దున లేస్తే నీ తప్పులే. ‘ఎర్మెక్ ఇది రాశాడు, ఎర్మెక్ అది మర్చిపోయాడు.’ ఇష్టం లేనివాడి తప్పులు ఎవరైనా ఇంత ఓపిగ్గా దిద్దుతార్రా?”

“నాన్నా!” జిపార్ చెవులు ఎర్రబడ్డాయి.

“పంచడంలో నేను పొరపాటు చెయ్యను,” అన్నాడాయన.

ముక్క చేత్తో పట్టుకున్నాను కానీ నోటి దాకా తీసుకెళ్ళలేదు.

“జిపార్, నాకు మీరంటే ప్రాణం. మీ నాన్నగారు పెట్టారు, సరే. మీరు తినమంటేనే తింటాను.”

జిపార్ ఫైలు మూసి పక్కన పెట్టింది. లేచి వచ్చి నా పక్కన కూర్చుని, వాళ్ళ నాన్న ముందున్న కత్తి లాక్కుంది.

“ఇటివ్వండి,” అంది ఛాతీ ముక్కని సరిగ్గా నడిమికి కోస్తూ. “సగం నాది. మీకు వదిలేస్తే ఇదీ తప్పుగానే పంచుతారు.”