పడవ ముడి

"ఇక నా వల్ల కాదు. నా మోకాళ్లు నన్ను తిట్టిపోస్తున్నాయి," అంటూ అక్క మొదటి బెంచీ మీదే కూలబడింది.

కొండ చిన్నదే. సరస్సు పక్కన పడుకుని ఎండ కాచుకుంటున్న పిల్లిలా ఉంటుంది. బెంచీ ఆ పిల్లి తోక దగ్గర.

"అక్కా, మనమింకా ఎక్కడం మొదలే పెట్టలేదు!" అంది వెంట వచ్చిన అమ్మాయి.

"మీరు వెళ్లిరండి. నేను బిస్కెట్లకు కాపలా కాస్తాను."

చెబుతూనే పక్కనున్న తన తమ్ముడి వైపు ఓ చూపు విసిరింది. ఒరేయ్, ఇవాళ కూడా నోరు విప్పకపోయావో, ఇంటికి రావద్దు అని ఆ చూపుకి అర్థం.

అక్క చెప్పుల షాపులో క్యాషియర్. అమ్మాయి అదే షాపులో వచ్చినవాళ్ల పాదాలు కొలిచి షూ తొడిగి చూస్తుంది. అందుకే అక్కడంతా ఆమెను ముద్దుగా 'కొలతలు' అంటారు. తమ్ముడిది రోడ్డుకి అవతల, ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు. ఇటు అద్దాల తలుపు, అటు అద్దాల తలుపు, మధ్యలో బస్సులు. ఒక్కో బస్సు అడ్డొచ్చినప్పుడల్లా అతని ప్రాణం ఉసూరుమనేది.

కొలతలు సోమవారం నుంచి సరస్సు అవతలి ఒడ్డున కొత్త బ్రాంచికి వెళ్లిపోతోంది. ఈ కొండ ఎక్కడం అక్క పెట్టిన వీడ్కోలు పార్టీ. అతని చేతిలో మిగిలింది ఈ ఒక్క మధ్యాహ్నమే.

దారిలో ఓ బాణం గుర్తు బోర్డు పక్కకి ఒరిగి ఉంది. అతను ఆగి దాన్ని తిన్నగా నిలబెట్టాడు.

"అది వంకరగా ఉంటే మీకేంటి నష్టం?"

"రాత్రికి నిద్ర పట్టదు."

ఆమె నవ్వింది, నేల చూస్తూనే.

"మీరెప్పుడూ కిందికే చూస్తారేం?" అడిగాడు.

"పని అలవాటు. నాకు ముఖాలు గుర్తుండవండీ. పాదాలైతే మర్చిపోను. మీ ఎడమ పాదం కాస్త పెద్దది."

"ఈ సంగతి మా అమ్మకి కూడా తెలీదు!" అన్నాడతను, ఎవరో మెడలో దండ వేసినంతగా పొంగిపోతూ.

గాలి వచ్చింది. కింద నీళ్ల మీద ముడతలు లేచి, మళ్లీ సర్దుకున్నాయి. ఇప్పుడు చెప్పేద్దాం అనుకున్నాడు. ఆ మలుపు తిరిగాక అనుకున్నాడు. మలుపుల మీద మలుపులు వచ్చాయి గానీ మాట మాత్రం రాలేదు.

"ఆగండి. కుంటుతున్నారేం?"

"అబ్బే, లేదే."

"నాతోనా ఆ మాట? కూర్చోండి ఆ రాయి మీద."

కూర్చున్నాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని అతని ఎడమ షూ పట్టుకుంది. వెనక భాగమంతా అణగదొక్కినట్టు నలిగిపోయి ఉంది.

"అయ్యయ్యో! ఎంత మంచి షూ! లేసులు విప్పకుండానే కాలు దూరుస్తున్నారు కదూ? చిన్నపిల్లలు కూడా ఇలా చేయరు. అసలు మీరు..."

తిట్టు సగంలో ఆగింది. వేలు ముడి మీద ఆగింది.

"ఇది నేను వేసిన ముడి."

అతను సరస్సు వంక చూశాడు. ఎంత పెద్ద సరస్సైనా దాక్కోవడానికి పనికిరాదు.

"అవును. కొన్న రోజు మీరే కట్టారు. రెండు నెలలైంది."

"విప్పడం రాకపోతే మా షాపుకి రావాల్సింది. నిమిషంలో విప్పేదాన్ని."

"విప్పడం రాక కాదు. విప్పేస్తే పోతుందని. మీ చేత్తో వేసింది అదొక్కటే ఉంది నా దగ్గర."

అనేశాడు! అంత తేలిగ్గా అనేయగలిగినందుకు తనకే ఆశ్చర్యం వేసింది. ఆమె మాత్రం నవ్వలేదు. ముఖం ఎర్రబడింది, కోపమో ఏమో తెలియలేదు.

"మీకసలు బుద్ధుందా?" అంది. "అది మా తాతయ్య పడవకి వేసే ముడి. తెలిసిన చేయి తప్ప ఇంకెవరూ విప్పలేరు. మర్నాడే విప్పించుకోడానికి పరుగెత్తుకొస్తారని వేశాను!"

అతను లేవబోయాడు. ఆమె షూ వదల్లేదు.

"మీరు రాలేదు. ఎప్పుడు తలుపు చప్పుడైనా చూశాను. ముఖాలు చూడని మనిషిని, వచ్చిన ప్రతివాడి ముఖమూ చూశాను. ఇక రారులే అనుకుని, కొత్త బ్రాంచికి ఎవరెళ్తారంటే చెయ్యెత్తాను."

ఇద్దరూ కాసేపు ఆ ముడి వంకే చూశారు. పాపం, అది మాత్రం తన పని తాను చక్కగా చేసుకుపోయింది.

ఆమె గోరుతో ఒక చోట నొక్కి లాగింది. ముడి నీళ్లలో తాడులా జారి విడిపోయింది. కాలికి ఊపిరి వచ్చింది. తర్వాత అందరికీ వేసే మామూలు ముడే వేసింది.

కొండ కొసన నిలబడితే అవతలి ఒడ్డున కొత్త బ్రాంచి కప్పు కనిపించింది. దాని వైపు ఒక పడవ తాపీగా వెళ్తోంది.

"మీ బ్రాంచి బోర్డు వంకరగా ఉండుంటుంది," అన్నాడతను గొంతు సవరించుకుని. "సరిచేయడానికి ఎవరైనా రావాలిగా."

"కొత్త బోర్డు. తిన్నగానే ఉంది."

అతని ముఖం వాలిపోయింది. అప్పుడామె తలెత్తి, కొలత తీసుకుంటున్నంత శ్రద్ధగా ఆ ముఖాన్ని చూసింది.

"ఊరికే రండి," అంది.

కింద బెంచీ మీద బిస్కెట్లు అయిపోయాయి. అక్క ముందు తమ్ముడి షూ చూసింది, తర్వాత కొలతల ముఖం చూసింది.

"అమ్మయ్య! రోజూ గుమ్మంలో ఆ షూతో వీడి కుస్తీ చూడలేక చచ్చాననుకో."

"మీ మోకాళ్లెలా ఉన్నాయక్కా?"

"వాటికేం, గుండ్రాళ్లలా ఉన్నాయి," అంటూ అక్క చటుక్కున లేచి వాళ్లకంటే ముందు చకచకా నడిచింది.