మూడు నిమిషాల స్వర్ణయుగం

"ఆ రోజులే వేరండీ," అన్నాను.

"ఏ రోజులు?" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఆమె మా తాతయ్య ప్రొజెక్టర్ వెనక మూత ఊడదీసి, కరిగి జిగురైపోయిన రబ్బరు బెల్టును స్క్రూడ్రైవర్‌తో గీకుతోంది. పాత ఫిల్ము రీళ్ళను కంప్యూటర్‌లోకి ఎక్కించి, పాత ప్రొజెక్టర్లను బాగుచేసే షాపు అది. ఆ వీధిలో అందరూ ఆమెను రీళ్ళ డాక్టరంటారు. పేషెంట్ల బంధువులతో ఎలా మాట్లాడుతుందో మాత్రం నాకెవరూ ముందుగా చెప్పలేదు.

"ఇంట్లోనే సినిమాలు వేసుకుని చూసిన రోజులండీ. మా తాతయ్య చిన్న కెమెరాతో తీసిన ఎనిమిది మిల్లీమీటర్ల రీళ్ళు ఇవి. ఆదివారం వస్తే హాల్లో కిటికీలన్నీ మూసేసి, గోడకి తెల్ల దుప్పటి కట్టేవాళ్ళు. చుట్టాలూ పక్కింటివాళ్ళూ అందరూ నేల మీదే కూర్చునేవాళ్ళు. ప్రొజెక్టర్ టకటకమంటుంటే..."

"మీ వయసెంత?"

"ఇరవై తొమ్మిది."

"ఈ బెల్టు పాడై ముప్పై ఏళ్ళు దాటుంటుంది. మీరెప్పుడు చూశారు?"

"చూడలేదు. మా మేనత్త చెప్పింది. చెప్పినప్పుడల్లా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది."

"అంటే ఆవిడ జ్ఞాపకానికి మీరు ఏడుస్తున్నారన్నమాట!" అంటూ ఒక డబ్బా తెరిచి వాసన చూసి మొహం చిట్లించింది. "మీ స్వర్ణయుగం వెనిగర్ కంపు కొడుతోంది. ఫిల్ము కుళ్ళడం మొదలైంది. ముందు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. వారం తర్వాత రండి."

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. చూపు పరీక్షించి అద్దాలు అమర్చడం నా పని. అవతలి మనిషి మొహం మీద కళ్ళజోడు వంకరగా ఉంటే నా చేతులు ఊరుకోవు.

"మీ కళ్ళజోడు కాస్త పక్కకి ఒరిగింది. సరిచేసివ్వనా?"

"నాకు బాగానే కనిపిస్తోంది. మీకే కొంచెం మసకగా ఉన్నట్టుంది."

వారం తర్వాత రమ్మంటే, రీళ్ళలో ఎవరెవరో గుర్తుపట్టడానికంటూ ఇంట్లోవాళ్ళ పాత ఫోటోలు పట్టుకుని నేను మూడో రోజే వెళ్ళాను. నాలుగో రోజు కూడా వెళ్ళాను. "మీ వారానికి ఎన్ని రోజులు?" అని అడిగింది. డబ్బిచ్చి తిట్లు తినడానికి వచ్చే మొదటి కస్టమర్‌ని నేనేనట. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నవ్వుతూ కనిపించాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏడో రోజు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద మా తాతయ్య కారు. కారును కడుగుతున్నారు. తర్వాత అదే కారు, అవతలి వైపు నుంచి. తర్వాత చుట్టాలు వరసగా నిలబడి చేతులూపుతున్నారు. తర్వాత మసకమసకగా ఒక పూలకుండీ.

"పదకొండు రీళ్ళు. ఒక్కోటి మూడు నిమిషాలు," అంది ఆమె. "కారు ఏడింట్లో ఉంది. మీ నానమ్మగారు ఎన్నింట్లో ఉన్నారో తెలుసా?"

"చాలా వాటిలో ఉండుంటుంది."

"ఒక్కదాంట్లో. అదీ మొత్తం మనిషి కాదు, ట్రే పట్టుకున్న చెయ్యి. ఒక్క బొమ్మ వదలకుండా చూశాను. కారుకిచ్చిన చోటులో పదో వంతు కూడా పెళ్ళానికివ్వలేదు మీ స్వర్ణయుగపు చక్రవర్తి."

నాకు ఒళ్ళు మండింది. "మా తాతయ్య గురించి మీకేం తెలుసు? మనుషులంటే గౌరవం లేదు మీకు. ఎవరికి ఏది ఇష్టమైతే దాన్ని వెక్కిరించడమే మీ పని!"

ఆమె మొహం పాలిపోయింది. కొత్త బెల్టు వేసిన ప్రొజెక్టర్‌నీ రీళ్ళనీ పెట్టెలో సర్ది నా ముందుకు తోసింది. తిరిగి ఏదో ఒకటి అంటుందని కాసేపు నిలబడ్డాను. అనలేదు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇంటికి వచ్చేసరికి నానమ్మ పత్రిక ముందేసుకుని గళ్ళ నుడికట్టు పూరిస్తోంది. జరిగిందంతా కక్కేశాను. "అంత పొగరు నేనెక్కడా చూడలేదు నానమ్మా."

నానమ్మ పెన్ను మూత పెట్టింది. "పొగరు కాదురా, చూపు. నీ షాపులో దొరకని రకం."

"అంటే?"

"వచ్చిన ఇరవై మందికీ టీలు ఎవరు పెట్టారనుకున్నావు? వంటింటి తలుపు సందులోంచి వెలుతురు పడితే బొమ్మ పాడైపోతుందని మీ తాత అరిచేవాడు. తలుపేసుకుని లోపలే కూర్చునేదాన్ని. అంతా గొల్లున నవ్వేవాళ్ళు. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలిసేది కాదు."

"ఒక్కసారైనా పిలవలేదా?"

"ఎందుకు పిలవడూ? పిలిచేవాడు. గ్లాసులు తియ్యడానికి."

మర్నాడు మధ్యాహ్నం వాన దంచికొడుతుంటే షాపు గుమ్మంలో నిలబడ్డాను.

"వానలో తడిసి వస్తే క్షమించేస్తారని ఎవరు చెప్పారు మీకు?" అంది ఆమె.

"గొడుగు తెచ్చానండీ. చిరిగింది."

ఆమె నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు చూసి, అప్పజెప్పుకుంటూ వచ్చిన మాటలన్నీ మర్చిపోయాను.

"మీరన్నది నిజం," అన్నాను ఎలాగో. "నిన్న నేను అన్నది తప్పు. ఆదివారం మా ఇంటికి రండి. నానమ్మకి ఆ రీళ్ళు చూపించాలి. ప్రొజెక్టర్ నడపడం నాకు చేతకాదు."

"కంప్యూటర్‌లో చూపించండి. ఇంకా బాగా కనిపిస్తాయి."

"అన్నేళ్ళూ వంటింట్లో అందరికీ టీలు పెడుతూ, తలుపు అవతల్నించి ఆ టకటక విందండీ ఆవిడ. ఒక్కసారి దాని పక్కన కూర్చోబెట్టాలని ఉంది."

"టీలు ఎవరు పెడతారు?"

"నేనే."

"అయితే వస్తాను. కుళ్ళినవి వదిలేసి, గట్టిగా ఉన్నవి మాత్రం వేస్తాను."

ఆదివారం మధ్యాహ్నం కిటికీలు మూశాం. నానమ్మ అందరికన్నా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. మేనత్త చేతిరుమాలుతో సిద్ధంగా వచ్చింది. దుప్పటి మీద కారు కనిపించగానే మొదలుపెట్టింది: "ఆ రోజులే వేరమ్మా..."

"కాసేపు ఊరుకోవే. నేను మొదటిసారి చూస్తున్నాను," అంది నానమ్మ.

మేనత్త రుమాలు ఒళ్ళో పడిపోయింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమెకు తట్టనే లేదని మొహమే చెప్పింది. లేచి కుర్చీ జరుపుకుని తల్లి పక్కన కూర్చుంది.

నేను టీలు తెచ్చేసరికి మూడు రీళ్ళు అయిపోయాయి. నానమ్మ కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"ఇదేనా? కారు, మళ్ళీ కారు, చేతులూపే బొమ్మలు! ఈ గదిలో ఏదో స్వర్గం నడుస్తోందనుకున్నాను. నాకు దక్కలేదని లోలోపల ఎంత ఏడ్చుకున్నానో! కారు కడగడం చూడలేదనా?"

అందరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నానమ్మ ఆగిపోయింది.

"ఒక్కసారన్నా నన్ను తియ్యాలనిపించలేదు చూడు ఆ మనిషికి," అంది మెల్లగా.

రీళ్ళ డాక్టరు ప్రొజెక్టర్ ఆపి, వచ్చి నానమ్మ కుర్చీ దగ్గర నేల మీద కూర్చుంది. ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వెక్కిరించలేదు, ఓదార్చలేదు. అలాగే కూర్చుంది. నా పని అక్కడితో అయిపోయింది.

తర్వాత వరండాలో వైర్లు చుడుతుంటే చెప్పేశాను. "మీరంటే నాకిష్టం."

"ఎప్పట్నుంచి?"

"వారం అంటే మూడు రోజులనుకున్నప్పట్నుంచి."

"నాకు మెత్తగా మాట్లాడటం రాదు. నేర్చుకోను కూడా."

"మెత్తటి మాటలు మా ఇంట్లో కావలసినన్ని ఉన్నాయి. అవి వింటూనే ఇన్నేళ్ళూ నానమ్మని చూడలేకపోయాను."

ఆమె వైరు చుట్టడం ఆపింది. బుగ్గలు ఎరుపెక్కాయి. ఆ సంగతి దాచుకోవడానికి కాబోలు, ఇంకా కటువుగా అంది. "మీ టీ ఘోరంగా ఉంది. చక్కెర పాకంలా."

"మారుస్తాను."

"మార్చండి. రోజూ తాగాల్సొస్తే కష్టం."

ఆ మాట నాకు అర్థమయ్యేలోపే లోపల్నుంచి నానమ్మ కేకేసింది. "అమ్మాయీ, ఇలా రా. మీ అమ్మగారి నంబరివ్వు, మాట్లాడాలి. మావాడు అడిగేసరికి నాకు తొంభై ఏళ్ళొస్తాయి."

"మామ్మగారూ, మీవాడికి చూపు మసకే అయినా ఇప్పుడే అడిగేశాడండీ," అంటూ ఆమె లోపలికి నడిచింది. ఆమే నానమ్మ ఫోన్ అందుకుని, అందులో వాళ్ళమ్మ నంబరుతో పాటు తన నంబరు కూడా ఎక్కించింది.

నాకు మాత్రం ఇవ్వలేదు. ఆ సాయంత్రం నానమ్మ కాళ్ళా వేళ్ళా పడి సంపాదించుకున్నాను.