తప్పు వైపు ముక్క

“సాయంత్రం అయిదింటికి మా ఆయన సంతకం పెట్టేస్తాడండీ,” అంది వచ్చినావిడ, కుర్చీ చూపించినా కూర్చోకుండా. “చెయ్యని తప్పుకి.”

ప్రైవేటు డిటెక్టివుగారు గడియారం చూశారు. పదకొండు దాటింది. ఆ వీధిలో ఆయన్ని అందరూ దుర్భిణిగారంటారు; అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. సహాయకుడు రిటైరైన డ్రాయింగు మాస్టారు. దుర్భిణిగారు తుమ్మినా అందులో ఏదో అంతరార్థం ఉంటుందని నమ్మే మనిషి. అప్పటికే పెన్సిలు చెక్కుకుని సిద్ధంగా ఉన్నారు.

ఆవిడ ఒక కారు మేస్త్రీ భార్య. మేస్త్రీ అక్క మొగుడికి తన కారు నేలకు అంటుకున్నట్టు ఉండాలని మోజు. బావ అడిగాడు కదా అని మేస్త్రీ పొట్టి స్ప్రింగులు వేసి కిందికి దించాడు. మూడు రోజుల కిందట పొద్దున్నే ఆ కారు తిన్నటి రోడ్డు మీద ఒక గతుకు ఎక్కి, తనంతట తనే పక్కకు తిరిగి గోడను గుద్దింది. బావ కాలు రెండు చోట్ల విరిగింది. స్టీరింగు కింద ఉండే ఉక్కు ముక్కలు తప్పు వైపు బిగించి ఉన్నాయని కారును తనిఖీ చేసిన పరీక్షకుడు రాశాడు. బావ ఆస్పత్రి మంచం మీంచే ఫిర్యాదు ఇచ్చాడు. మేస్త్రీ వెళ్లి ఆ కారును చూసొచ్చాడు. అప్పటినుంచి ముద్ద ముట్టలేదు, నేనే తప్పు బిగించానన్న మాట తప్ప ఇంకో మాట లేదు. పోలీసుల కాగితం మీద ఆ సంతకం పడితే షాపుకు సీలు, మేస్త్రీకి జైలు.

“పధ్నాలుగేళ్లుగా చూస్తున్నానండీ. నిద్రలో లేపి ఇచ్చినా బోల్టు తప్పు బిగించే మనిషి కాదు,” అంది.

షాపు షట్టరు సగానికి దించి ఉంది. లోపల మేస్త్రీ ఒక పాత కారు సీటు మీద కూర్చుని నేలను చూస్తున్నాడు. దుర్భిణిగారు ఏమడిగినా తప్పు నాదేనంటాడు. ఆయన కాసేపటికి అడగడం మానేసి గోడలు చూడటం మొదలుపెట్టారు. మేకులకు జతలు జతలుగా అట్టలు వేలాడుతున్నాయి. ఒక్కో అట్ట మీద ఒక్కో నిలువు పెన్సిలు గీత, కింద తేదీ, కారు నంబరు.

ఆ అట్టల సంగతి భార్యే చెప్పింది. కారును దించితే చక్రాన్ని పట్టుకునే ఇనుప చెయ్యీ, దాన్ని తిప్పే రాడ్డూ ఇదివరకటిలా కలిసి కదలవు. అప్పుడు గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. స్టీరింగు చేతికీ రాడ్డు కొసకీ మధ్య బొటనవేలంత ఉక్కు ముక్క పెట్టి రాడ్డును దించితే రెండూ మళ్లీ ఒద్దికగా కదులుతాయి. కుదిరిందో లేదో చూడటానికి మేస్త్రీ చక్రానికి ముందొక పెన్సిలు, వెనకొక పెన్సిలు కట్టి, వాటికెదురుగా అట్టలు నిలబెట్టి, జాకీతో పైకీ కిందికీ ఆడిస్తాడు. రెండు అట్టల మీద గీతలూ ఒకేలా పడితే చక్రం తిరగలేదన్నట్టు. లేకపోతే ఆ కారును గడప దాటనివ్వడు.

డ్రాయింగు మాస్టారు బావగారి కారు అట్టలు వెతికి తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొసలు సరిచూశారు. ముప్ఫై ఏళ్లు పిల్లల గీతలు దిద్దిన కళ్లు అవి. రెండో చక్రం జత కూడా చూసి, వెంట్రుకవాసి తేడా లేదని తేల్చారు.

దుర్భిణిగారు మాత్రం మూల ఉన్న పాత ఇనుప తోపుడుబండి దగ్గర వంగి, దాని ఇరుసు చూస్తున్నారు. అది మామగారిదనీ, ఆయన పోయాక దాన్నెవరూ విప్పలేదనీ భార్య చెప్పింది. ఆయన పనిముట్ల పెట్టె ఏమైందని దుర్భిణిగారు అడిగారు. చిన్నప్పుడు అక్కాతమ్ముళ్లిద్దరూ ఈ షాపులోనే పెరిగారట. పెట్టె గుర్తుగా వదిన, అంటే మేస్త్రీ అక్క, తీసుకుందట. ఆ మాటకు మేస్త్రీ మొదటిసారి తలెత్తి, వెంటనే దించుకున్నాడు.

తర్వాత పోలీసు స్టేషను ఆవరణలో ఉన్న కారు కిందికి దూరి, చొక్కా అంతా గ్రీజుతో బయటికొచ్చారు దుర్భిణిగారు. అక్కణ్ణుంచి ఆస్పత్రికి. వరండాలో మేస్త్రీ అక్క మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కారు గురించి ఏమైనా చెబుతారా అని అడిగితే, సంచీ వైపే చూస్తూ అంది.

“ఆ ముక్కలు పెట్టి బండిని దించకపోయుంటే ఇదంతా జరిగేది కాదు.”

దుర్భిణిగారు నమస్కారం పెట్టి వచ్చేశారు. ఇంతేనా అని డ్రాయింగు మాస్టారికి ప్రాణం ఉసూరుమంది.

నాలుగున్నరకి బావ గదిలో అందరూ చేరారు. ఒక్క మనిషికి కట్టిన గది అది; ఒకే తలుపు, ఊచల కిటికీ. కట్టు కట్టిన కాలు వేలాడేసుకుని బావ, కాగితంతో ఇన్‌స్పెక్టరు, తలుపు దగ్గర మేస్త్రీ దంపతులు, మంచం పక్కన కుర్చీలో అక్క. కదిలితే ఎవరో ఒకరి మోచెయ్యి తగులుతోంది.

“ముక్కలు మొదట సరిగ్గానే ఉన్నాయి,” అన్నారు దుర్భిణిగారు, అట్టలు దుప్పటి మీద పెట్టి. “ఈ గీతలే సాక్ష్యం. కారు షాపు దాటాక ఎవరో వాటిని రాడ్డు పైనుంచి తీసి కిందికి మార్చారు. నట్టు ఊడకుండా అడ్డం వేసే స్ప్లిట్ పిన్ను ఉంటుంది. మేస్త్రీ దాని కాళ్లు ఒకటి పైకీ, ఒకటి కిందికీ వంచుతాడు. షాపులో ఏ బండి చూసినా అంతే. ఈ కారు పిన్నుకి రెండు కాళ్లూ నట్టు చుట్టూ చుట్టి ఉన్నాయి. సరిగ్గా అలాంటిది ఇంకొక్కచోటే చూశాను. వాళ్ల నాన్న తోపుడుబండికి.”

“ఇక చాలు సార్,” అన్నాడు మేస్త్రీ. “నేను సంతకం పెడతాను. కాగితం ఇవ్వండి.”

“పిన్ను చూడగానే నీకు తెలిసిపోయింది. నాన్న దగ్గర పని నేర్చుకున్నది ఇద్దరే. నువ్వు చెయ్యలేదంటే ఇంకెవరు చేశారో చెప్పినట్టే. అడకత్తెరలో పోకచెక్క అయ్యావు.” ఆయన అక్కవైపు తిరిగారు. “ఆ ముక్కలు బండిని దించవమ్మా. దించేవి స్ప్రింగులు. దించాక వచ్చే తప్పును సర్దేవి ముక్కలు. వాటివల్లే దిగిందని నమ్మిన మనిషే వాటిని అటుదిటు మారుస్తుంది. ప్రాణం తియ్యాలనుకున్నవాళ్లు పిన్ను పీకేస్తారు. ఇక్కడ ఎంతో జాగ్రత్తగా చుట్టారు.”

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆగింది. అక్క సంచీ కింద పెట్టింది.

“ముందు రోజు రాత్రి నాన్న పనిముట్లతో నేనే మార్చాను. పైన పెడితే దిగింది కదా, కింద పెడితే లేస్తుందనుకున్నాను. జాకీ దించి చూస్తే నిజంగానే బండి కాస్త ఎత్తుగా నిలబడింది.”

జాకీ మీంచి దించిన ఏ బండయినా నాలుగు అడుగులు దొర్లేదాకా కాస్త ఎత్తుగానే ఉంటుందని మేస్త్రీ మెల్లగా అన్నాడు.

“నాకేం తెలుసురా. నాన్న బళ్లు దించేవాడు కాదుగా,” అంది అక్క. తర్వాత మొగుడివైపు చూసింది. “దించింది మొదలు మీరు నిమ్మళంగా నడిపిన రోజు లేదు. రోజూ సాయంత్రం బండి చప్పుడు వినబడేదాకా నేను గుమ్మంలోనే ఉండేదాన్ని. మళ్లీ మామూలు బండి అయితే చాలనుకున్నాను.” ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది.

బావ తన కాలు చూసుకున్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. ఇన్‌స్పెక్టరు గొణుక్కుంటూ కాగితం మడిచాడు. డ్రాయింగు మాస్టారు గర్వంగా దుర్భిణిగారి మొహంలోకి చూశారు గానీ, అక్కడ సంతోషమేమీ కనబడలేదు.

“నాతో ఒక్క మాట చెప్పుంటే నేనే స్ప్రింగులు మార్చి ఎత్తేవాణ్ణి కదక్కా,” అన్నాడు మేస్త్రీ.

“చెప్పానురా. షాపుకొచ్చి చెప్పాను. నువ్వూ మీ బావా కలిసి నవ్వారు.”

మేస్త్రీకి గుర్తొచ్చింది. ఆ రోజు చేతిలో ఈ అట్టలే ఉన్నాయి. గీతలు కుదిరిన సంబరంలో, నీకేం తెలుసక్కా అని నవ్వాడు. వచ్చి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

“తప్పు నాదేనక్కా,” అన్నాడు.

ఈసారి అతని భార్య కాదనలేదు.