గడువు దాటిన మనిషి

ఆ ఉదయం కూడా కంట్రోలరు గారు అందరికంటే ముందే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నారు. విమానం సాయంత్రానికి గానీ లేదు. అయినా ఆయన తయారయ్యాక ఇంట్లో ఇంకెవరూ తయారు కాకుండా ఉండకూడదు. ఉద్యోగం చేసినంత కాలం బస్సు డిపోలో ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు తిరిగి రావాలో చూడడమే ఆయన పని. రిటైరయ్యాక డిపో ఆయన్ని వదిలింది కానీ ఆయన డిపోని వదల్లేదు. ఆయన చేతికింద ఇప్పుడు మిగిలిన ఒకే ఒక్క బస్సు ఆయన భార్య.

ఆవిడ వంటింట్లో ఫ్రిజ్ ఖాళీ చేసి తడిగుడ్డతో అరలు తుడుస్తోంది. తొందరా లేదు, కంగారూ లేదు. ఆయనకు అదే నచ్చలేదు. ఎల్లుండి కూతురికి ఆపరేషన్. కడుపులో గడ్డ. తీసి చూస్తేగానీ అది ఎలాంటిదో చెప్పలేమన్నారు డాక్టర్లు. అక్కడ పరాయి దేశంలో దానికి ఉన్నది మొగుడు, ఐదేళ్ళ పాప. అమ్మ పక్కనుంటే చాలు నాన్నా అని ఫోన్లో కూతురు అడిగినప్పుడు, డిపోలో అంతమంది డ్రైవర్లని హడలగొట్టిన మనిషి సరేనమ్మా అని వెంటనే ఒప్పుకున్నారు.

అమ్మ వెళ్ళడమే కష్టమైన పని. ఐదేళ్ళ కిందట పాప పుట్టినప్పుడు ఆవిడ టూరిస్టు వీసా మీద వెళ్ళి, ఉండమన్న గడువు దాటి మూడు నెలలు ఎక్కువ ఉండి వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు అక్కడి విమానాశ్రయంలో ఆ సంగతి కంప్యూటర్లో ఎక్కించుకున్నారు. తర్వాత రెండుసార్లు వీసా అడిగితే రెండుసార్లూ లేదు పొమ్మన్నారు. ఈసారి ఆపరేషన్ కాగితాలన్నీ జతచేస్తే ఎలాగో ఇచ్చారు. ఇచ్చారు కదాని సంబరపడొద్దనీ, దిగినచోట కౌంటర్లో కూర్చున్నవాళ్ళదే ఆఖరి మాటనీ, వాళ్ళు వద్దంటే వచ్చిన దారినే తిప్పి పంపేస్తారనీ కూతురు ముందే చెప్పింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో కంటిమీద కునుకు లేదు. మళ్ళీ గడువు దాటనివ్వకూడదని ఈసారి ఆయన కూడా వీసా తీసుకుని వెంట బయల్దేరారు.

అసలు ఆ పొరపాటు ఎలా జరిగిందని చుట్టాలెవరైనా అడిగితే కంట్రోలరు గారు తేలిగ్గా నవ్వేసేవారు. మా ఆవిడని క్యాలెండరు ముందు నిలబెట్టినా ఇవాళ ఏ వారమని నన్నే అడుగుతుందండీ, అనేవారు. అందరూ పగలబడి నవ్వేవారు. ఆవిడ కూడా నవ్వేది. చుట్టాల్లో పిల్లలు ఆవిడకి 'గడువు పిన్ని' అని పేరు కూడా పెట్టేశారు.

"మళ్ళీ ఒకసారి చెప్పు. ఎందుకు ఎక్కువ రోజులు ఉండిపోయావని అడిగితే ఏమంటావు?" అన్నారాయన గుమ్మం దగ్గర్నుంచే.

"ఎన్నిసార్లు చెప్పిస్తారండీ?"

"ఒంట్లో బాగాలేదు. నడుంనొప్పి, విమానం ఎక్కే పరిస్థితి లేదు. అంతే. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు."

"అప్పుడు నాకు నడుంనొప్పి లేదు కదా."

"లేదని వాళ్ళకి కలొచ్చిందా?"

ఆవిడ గుడ్డ పిండి ఆరేసి, "చూద్దాం" అంది.

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ 'అలాగే' అనేది, లేకపోతే ఊరుకునేది. ఈ 'చూద్దాం' ఎక్కడిది? చిరాగ్గా లేచి హాల్లోకి వెళ్ళేసరికి కిటికీ పక్కన ఏదో బోసిగా అనిపించింది. కుట్టుమిషను లేదు. అది ఉండే చోట నేలమీద నాలుగు కాళ్ళ మచ్చలు మాత్రం ఉన్నాయి. అడిగితే, పక్కింటి అమ్మాయికి ఇచ్చేశానంది ఆవిడ. ఎన్నాళ్ళకని అడిగితే, ఇక ఉంచేసుకోమన్నానంది.

ఆ మిషను మీద ఆవిడ ఊళ్ళోవాళ్ళకి కర్టెన్లు, దిండు గలీబులు కుట్టి ఇచ్చేది. దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. నెల రోజులకు ఊరెళ్ళే మనిషి అలాంటి వస్తువుని ఇచ్చేసుకోదు. ఈసారి ఆవిడ అక్కడే ఉండిపోతుంది, ఇక రాదు, అని ఆయన మనసు కీడు శంకించింది. గట్టిగా అడుగుదామని నోరు తెరిచి కూడా మళ్ళీ మూసుకున్నారు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. విమానంలో పక్కపక్కనే కూర్చున్నా దారంతా ఇద్దరి మధ్యా నాలుగు మాటలు కూడా నడవలేదు.

దిగాక కౌంటరు దగ్గర ఆయన పని ఇట్టే అయిపోయింది. ముద్ర కొట్టి, చిరునవ్వు నవ్వి పంపేశారు. ఆవిడ పాస్‌పోర్టు దగ్గరే కౌంటర్లో అమ్మాయి ఆగింది. తెర వంక చూసింది, ఆవిడ వంక చూసింది, ఫోను తీసి ఎవరితోనో రెండు మాటలు మాట్లాడింది. యూనిఫారంలో ఉన్న మనిషి ఒకడు వచ్చి ఆవిణ్ణి పక్క దారిలోకి నడవమన్నాడు. నేను భర్తని, భర్తని అని సైగలు చేస్తూ కంట్రోలరు గారు వెంటపడ్డారు.

కిటికీల్లేని గది. కుర్చీలు నేలకు బిగించి ఉన్నాయి. సెల్‌ఫోన్లు ఆపేయమన్నారు. బయట కూతురు, అల్లుడు ఎదురుచూస్తున్నారని, కబురు చేయాలని ఆయన చెప్పబోతే అక్కడెవరూ వినిపించుకోలేదు. వాళ్ళకంటే ముందు వచ్చిన ఒక ముసలాయన మూలన కూర్చుని ఉన్నాడు. కాసేపటికి ఇద్దరు మనుషులొచ్చి ఆయన పెట్టె తీసుకుని, ఆయన్ని చెరోవైపు పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. బయటికి కాదు, విమానాల వైపు. ముసలాయన వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళాడు. కంట్రోలరు గారు భార్య పక్క కుర్చీలోకి జరిగారు.

తర్వాత వీళ్ళని పిలిచారు. ఆఫీసరు నడివయసు మనిషి, గొంతు పెంచే రకం కాదు. బల్లమీద ఫోనులోంచి ఒక ఆడమనిషి గొంతు తెలుగులో పలికింది. తాను దుబాసీననీ, అటు మాట ఇటూ ఇటు మాట అటూ చెప్పడమే తన పని అనీ, తన సొంతంగా ఏదీ కలపననీ, ఏదీ దాచననీ చెప్పింది.

మొదటి ప్రశ్న వాళ్ళు అనుకున్నదే. ఆవిడ నోరు తెరిచేలోపే కంట్రోలరు గారు అందుకున్నారు. ఒంట్లో బాగాలేదు, నడుంనొప్పి, విమానం ఎక్కలేని పరిస్థితి, అని గడగడా ఒప్పజెప్పారు. ఏ డాక్టరు చూశాడని ఆఫీసరు అడిగాడు. పేరు గుర్తులేదన్నారు. ఏ ఆసుపత్రి? అదీ గుర్తులేదు. ఆఫీసరు తెర మీద ఏదో చదివి, నెమ్మదిగా నాలుగు మాటలు అన్నాడు.

"మీ వీసా దరఖాస్తులో, తేదీ పొరపాటుగా చదివామని ఉంది" అంది ఫోను గొంతు. "ఇప్పుడు జబ్బు అంటున్నారు. గడువు దాటినవాళ్ళని లోపలికి పంపిన రోజులు ఉన్నాయి. నా ఎదురుగా కూర్చుని అబద్ధమాడినవాళ్ళని మాత్రం నేను పంపలేదు. ఇంకొక్క మాట తేడా వస్తే తర్వాతి విమానంలో వెనక్కి వెళ్తారు. ఇక మీరు మాట్లాడొద్దు. ఆవిడ చెప్పాలి."

కంట్రోలరు గారికి ఈ సంగతి తెలియదు. దరఖాస్తు నింపింది కూతురు. పొరపాటు అని రాస్తే, ఎవరి పొరపాటంటూ నాన్న యుద్ధానికి దిగుతాడని ఆయనకు చూపించలేదు. ఆయన అబద్ధమే ఇప్పుడు ఆవిడ మెడకు చుట్టుకుంది. రేపు కూతుర్ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళేటప్పుడు పక్కన తల్లి ఉండదు. 

"రెండూ నిజం కాదండీ" అంది ఆవిడ, ఫోను వైపు చూస్తూ. "నాకు జబ్బూ లేదు, పొరపాటూ లేదు. తేదీ నాకు తెలుసు."

ఆయన గబుక్కున భార్య చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ విడిపించుకుని జరిగింది చెప్పుకుపోయింది. వీసా మీద ఒక తేదీ, దిగినప్పుడు కొట్టిన ముద్రలో దానికి మూడు నెలల ముందు తేదీ ఉన్నాయట. ఏ దేశం నుంచో తనలాగే మనవణ్ణి చూసుకోవడానికి వచ్చి పార్కులో పరిచయమైన ఇంకో అమ్మమ్మ, ఈవిడ పాస్‌పోర్టు తెరిచి, ముద్రలో తేదీలోపే వెళ్ళాలని వేలు పెట్టి చూపించిందట. ఆ రోజే భర్తకు ఫోన్ చేసింది. తిరుగు టికెట్టు ఆయనే వీసా తేదీ చూసి తీయించారు మరి.

"'నేను చూసి తీయించిన టికెట్టుకి నువ్వు వంకలు పెడతావా' అంటూ నోరు మూసుకుని ఉండమన్నారు. ఆయన అరవడం కొత్తేమీ కాదు. కానీ ఆ రోజు ఆయన అరిచినందుకు నాకు సంతోషం వేసిందండీ. ఇంకొక్క మాట గట్టిగా చెప్తే ఆయన కనుక్కునేవారు, టికెట్టు మార్చేవారు. నేను చెప్పలేదు. మా అమ్మాయికీ చెప్పలేదు. ఇంకో మూడు నెలలు నాకు దొరికాయనుకున్నాను."

ఫోనులో గొంతు ఆగిపోయింది. "అమ్మా... దీన్ని ఇలాగే చెప్పమంటారా?" అంది, ఏదీ కలపనన్న మనిషి.

"ఇలాగే చెప్పమ్మా."

ఆ మూడు నెలలూ ఎక్కడైనా పనికి కుదిరావా అని ఆఫీసరు అడిగాడు. లేదంది ఆవిడ. పాపని ఆడించేది, వండేది. మధ్యాహ్నాలు కూతురు ఇంట్లో ఉంటే బయటికి వెళ్ళి, ఏ బస్సు ముందొస్తే అదెక్కి చివరిదాకా పోయి, మళ్ళీ అదే బస్సులో తిరిగొచ్చేదట. ఎక్కడికెళ్ళావు, ఎందుకు ఆలస్యమైంది అని అడిగేవాళ్ళు లేరట. ఆవిడ ఎవరిమీదా నిష్ఠూరం లేకుండా చెప్తోంది. అది విని కంట్రోలరు గారు తల దించుకున్నారు. ఊరందర్నీ వేళకి బస్సెక్కించిన మనిషి, భార్యని ఊరికే సరదాగా ఒక్క బస్సు కూడా ఎక్కించలేదు.

ముద్రలో తేదీ గురించి ఆవిడ అప్పట్లో ఆయనకు ఫోన్ చేసి చెప్పిందన్న మాట నిజమేనా అని ఆఫీసరు ఈసారి ఆయన్ని అడిగాడు. కాదంటే ఐదేళ్ళుగా కాపాడుకున్న పరువు నిలబడుతుంది, ఆవిడ అబద్ధాలకోరవుతుంది.

"నిజమే" అన్నారాయన. "తేదీ తప్పు చూసింది నేను. ఆవిడ సరిగ్గానే చూసింది. ఇన్నేళ్ళూ తప్పు ఆవిడదేనని నలుగుర్లో నవ్వించాను. ఇది కూడా ఆయనకి చెప్పమ్మా."

ఆఫీసరు ఆ మాట రాసుకున్నాడు. తర్వాత ఆఖరి ప్రశ్న వేశాడు. తెలిసి తెలిసి ఒకసారి ఉండిపోయిన మనిషి ఈసారి తిరిగి వెళ్తుందని తానెలా నమ్మాలి? వెళ్ళడానికి అక్కడ ఆవిడకేముంది?

ఇల్లుంది, నేనున్నాను అని కంట్రోలరు గారి నోటిదాకా వచ్చింది. కిటికీ పక్కన నాలుగు మచ్చలు కళ్ళముందు మెదిలాయి. ఆయన భార్య వైపు తిరిగారు.

"నేను నేర్పింది చెప్పకు. నీకు తిరిగి రావాలని ఉందా?"

ఆ గొంతు ఈ ప్రశ్నని కూడా ఆఫీసరుకి అందజేసింది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి. ఇంతసేపూ గట్టిగా ఉన్న మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"తిరిగి వెళ్తానండీ. దొంగతనంగా ఉండడం ఎంత భయమో నాకు తెలుసు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. మా అమ్మాయి లేచి తిరిగితే చాలు, గడువులోపే వెళ్ళిపోతాను. కానీ..." ఆవిడ ఆగి, భర్త వైపు చూడకుండానే అంది. "ఈయన ఇంటికి కాదు. మా అక్క దగ్గరికి. ఆమెతో ఎప్పుడో మాట్లాడేశాను."

ఆఫీసరు పాస్‌పోర్టు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఫోను గొంతు కూడా ఆగిపోయింది. గదిలో ఇద్దరే మిగిలారు. ఎంతసేపు కూర్చున్నారో కంట్రోలరు గారు చేతి గడియారం చూసుకోలేదు. విదేశంలో ఉండిపోతుందేమోనని భయపడి కాపలాకి వచ్చారాయన. ఆవిడ పారిపోవాలనుకున్నది ఏ దేశం నుంచీ కాదు, తన దగ్గర్నుంచి. అది అర్థమయ్యాక ఆయనకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. దాచుకోవడం చేతకాక అలాగే ఏడ్చారు.

"మీ అక్క దగ్గరికి నేను ఎప్పుడైనా రావచ్చా?" అన్నారు చివరికి.

ఆవిడ ఆయన వైపు తిరిగింది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన చొక్కా జేబులోని రుమాలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ముందు ఫోన్ చేసి అడిగి రండి. రమ్మంటే రావచ్చు."

"వద్దంటే?"

"వద్దన్నప్పుడు అరవకుండా ఉంటే, ఇంకోసారి రమ్మంటాను."

ఆయన తలూపారు. 'అలాగే' అన్నారు. ఆ మాట ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఆవిడదే.

ఆఫీసరు తిరిగొచ్చాడు. బయట కూతురితో మాట్లాడినట్టున్నాడు. ముద్ర కొట్టి, ఒక్క నెల గడువిచ్చి, దాని మీద పెన్నుతో గీత గీసి మరీ చూపించాడు. పాస్‌పోర్టుని కంట్రోలరు గారి ముందు కాకుండా ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ తేదీ చదువుకుని, తన సంచిలో దాచుకుంది.

బయట కూతురు రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. తల్లిని చూడగానే పిల్లదానిలా మెడ కావలించుకుని వదల్లేదు. ఎంతసేపని ఎదురుచూడాలి, నిన్ను పంపించేశారనుకున్నాను, అంటూ వెక్కిళ్ళు పెట్టింది. తర్వాత అలవాటు కొద్దీ తండ్రి వైపు తిరిగింది.

"లోపల ఏమైంది నాన్నా? ఏమడిగారు అమ్మని?"

కంట్రోలరు గారు పెట్టెలున్న బండిని పక్కకు జరిపి, భార్యకి దారిచ్చారు.

"నన్నడక్కమ్మా. అమ్మ చెప్తుంది."

ఆవిడ ఒకసారి ఆయన వంక చూసి, కూతురి చెయ్యి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. మొదట్నుంచీ చెప్పింది. ఆయన వెనకాల బండి తోసుకుంటూ అంతా విన్నారు, ఎక్కడా అడ్డు రాలేదు.