ఎండకెదురుగా వేసిన కుర్చీలు

ధరణి కుర్చీని ఇసుకలో గట్టిగా దించింది. "ఇక్కడే" అంది.

లిల్లీ కదల్లేదు. ఇంకో కుర్చీ ఆమె చేతుల్లోనే ఉంది.

ఆ సాయంత్రం ఉద్దానంలోని వాళ్ల ఊరి హైస్కూలు గ్రౌండులో రాకెట్ ఎగరబోతోంది. కూల్‌డ్రింక్ బాటిల్‌లో కొన్ని నీళ్లు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, తాడు లాగితే పైకి దూసుకుపోయే రాకెట్. భానుప్రకాష్ మాస్టారి సాయంతో ఏడో తరగతి పిల్లలు తయారుచేశారు. చూడ్డానికి ఊరందరినీ పిలిచారు. జనం ఎక్కడ కూర్చుంటే బాగా కనబడుతుందో చూసి కుర్చీలు వేయించే పని మాస్టారు ధరణికి అప్పజెప్పారు.

గ్రౌండుకు తూర్పున కొబ్బరితోట ఉంది. పొద్దున్నే ఆ అంచున నీడ చల్లగా పరుచుకుని ఉంది. ఫొటోలు కూడా బాగా వస్తాయి. ధరణి ఆ చోటే ఎంచుకుంది.

"సాయంత్రానికి ఈ నీడ ఉండదే. ఎండ కళ్లల్లోకి కొడతాది" అంది లిల్లీ. "పడమర పక్క, బడి గోడకాడ ఏద్దాం."

బడి గోడ దగ్గర కుళాయి నీళ్లు పారి ఎప్పుడూ బురదే. పక్కనే సైకిల్ స్టాండు. ఊరిని పిలిచి అక్కడ కూర్చోబెట్టాలా? ధరణికి ఒళ్లు మండింది. పొద్దుటి నుంచి అందరూ వంకలు పెట్టేవాళ్లే. బ్యానరు రంగు బాగులేదని ఒకరు, తాడు పొట్టిదని ఒకరు. ఇప్పుడు లిల్లీ కూడా.

"మాస్టారు ఎవలికి సెప్పారు? నీకా, నాకా?"

"నీకేలే. గాని సాయంత్రం ఎండ..."

"అయితే నోర్మూసుకుని కుర్సీలెయ్యి."

లిల్లీ ముఖం ఎర్రబడింది. చేతిలోని కుర్చీని అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. మిగతావన్నీ ధరణి ఒక్కతే మోసింది. మోసినకొద్దీ కోపం పెరిగిందే కానీ తగ్గలేదు.

సాయంత్రం జనం బాగానే వచ్చారు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని ముగించుకుని కొందరు ఆడవాళ్లు నేరుగా బడికే వచ్చారు. లిల్లీ వాళ్ల నాన్న తిమోతి కూడా వచ్చాడు. ఆయనకు కిడ్నీ జబ్బు. పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకొస్తుంటాడు. ఒకప్పుడు ఆయనకు సైకిల్ షాపు ఉండేది. రాకెట్‌కు గాలి కొట్టే పంపు ఆయన ఇచ్చిందే. లిల్లీ భుజం పట్టుకుని మెల్లగా నడిచొచ్చి, ముందు వరసలో కూర్చున్నాడు.

ధరణి గ్రౌండు మధ్యలో, రాకెట్ పక్కన తాడు పట్టుకుని నిలబడింది. మాస్టారు గాలి కొట్టి తలూపారు. ధరణి తాడు లాగింది.

రాకెట్ బుస్సుమని నీళ్లు చిమ్ముతూ లేచింది. చాలా పైకి వెళ్లింది. ధరణి సంబరంగా జనం వైపు చూసింది.

చప్పట్లు లేవు. ఆడవాళ్లు ముఖాలకు చీర చెంగులు అడ్డం పెట్టుకున్నారు. పిల్లలు తలలు దించుకున్నారు.

"ఎగిరిందేటి? మాకేటీ అగుపడలేదు" అని విసుక్కుంది ధరణి వాళ్ల నాయనమ్మ అప్పలమ్మ. "కళ్లు మండించడానికా మమ్మల్ని పిలిసినావు?"

ధరణికి నాయనమ్మ మీద కోపం వచ్చింది. ఎండ మీద వచ్చింది. లిల్లీ నవ్వుకుంటూ ఉంటుందనుకుంటే ఇంకా ఎక్కువ వచ్చింది. గబగబా అటు నడిచింది.

లిల్లీ నవ్వడం లేదు. తన చున్నీని తండ్రి కళ్లకు అడ్డం పట్టుకుని ఉంది. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"మా నాన్న పొద్దున్నించీ దీనికోసమే ఓపిక దాసుకున్నాడు" అంది లిల్లీ. "నీ పెత్తనం నువ్వే ఉంచుకో."

ధరణి ఎదురు చెప్పబోయింది. తిమోతి అడ్డుపడ్డాడు. "పోన్లేవే. సప్పుడు ఇన్నాన్లే. బాగుంది."

ధరణి ఆయన కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని గ్రౌండు వైపు చూసింది. అంతా తెల్లని వెలుగు. రాకెట్ కనబడదు, మాస్టారూ కనబడరు. ఆమె కళ్లూ మూతబడ్డాయి.

లేచి మాస్టారి దగ్గరకు పరుగెత్తింది. ఆయన పిల్లలు చేసిన రెండో రాకెట్‌లో నీళ్లు పోస్తున్నారు. కాసేపు ఆగమని, కుర్చీలు మార్చాలని చెప్పింది. పొద్దు వాలిపోతోందన్నారు ఆయన. ధరణి వైపు చూసి, ఆమె కుర్చీలు మోస్తుంటే మరి తాడెవరు లాగుతారని అడిగారు. ఎవరైనా లాగనివ్వమంది ధరణి.

తర్వాత జనం ఎదుటికి వచ్చి నిలబడింది.

"బడి గోడకాడ ఎయ్యమని లిల్లీ పొద్దున్నే సెప్పింది. నానే ఇన్లేదు. అందరూ అటు రండి."

కొందరు సణిగారు. ఒకరిద్దరు ఇంటికి వెళ్లిపోయారు. ధరణి తోటలో రాలిన కొబ్బరి మట్టలు ఈడ్చుకొచ్చి బురద మీద పరిచింది. ముందుగా తిమోతి కుర్చీ మోసుకెళ్లి గోడ నీడలో వేసింది. మళ్లీ వెనక్కి పరుగెత్తింది. యూనిఫాం నిండా బురద.

ధరణి నాయనమ్మ కుర్చీని మోస్తూ గ్రౌండు దాటుతుండగా, వాళ్ల తరగతి అవినాష్ తాడు లాగాడు.

ధరణి తల ఎత్తేసరికి రాకెట్ కొబ్బరి మొవ్వులకన్నా పైన ఉంది. పడమటి ఎండలో మెరిసిపోతోంది. తిమోతి వేలు దానితోపాటే పైకి లేచి, దానితోపాటే మెల్లగా దిగింది. "నా పంపేనే" అన్నాడు కూతురితో. ఈసారి చప్పట్లు ఆగలేదు.

జనం వెళ్లిపోయాక బడిలోకి మోయాల్సిన పొడవాటి బల్ల ఒకటి మిగిలింది. ధరణి ఒక కొస పట్టుకుంది, ఒక్కతే లేపలేకపోయింది. లిల్లీ వచ్చి రెండో కొస పట్టుకుంది. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

"నువ్వు ఎనక్కి నడు" అంది లిల్లీ. "దారి నాను సూత్తాను."

ధరణి తల తిప్పి చూసుకోలేదు. లిల్లీ ఎటు చెబితే అటు, మెల్లగా వెనక్కి నడిచింది.