ముప్పై ఏడో కార్డు వెనకవైపు

బుధవారం ఉదయం 8.40. బ్రిస్టల్‌లోని హారోవే సిగరెట్ ఫ్యాక్టరీలో పిట్ట మాయమైంది.

నిజం పిట్ట కాదు. సిగరెట్ పెట్టెకొకటి చొప్పున వేసే బొమ్మకార్డుల్లో 37వ నంబరు, రెన్ పిట్ట. యాభై రంగుల బొమ్మల్లో అదొక్కటే లేదు. మధ్యాహ్నం రెండింటికి ప్రెస్ తిరగాలి.

సార్జంట్ క్రాబ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో దొంగలంతా హాయిగా తిరుగుతుంటే, తనకి పిట్టబొమ్మ కేసా!

"బొమ్మ పోలేదండీ, అసలు గియ్యనేలేదు," అన్నాడు మేనేజర్ స్నెడన్. "పని ఎగ్గొట్టి దొంగతనం కథ అల్లుతోంది ఈ అమ్మాయి. రెండింటిలోగా దొరక్కపోతే ఉద్యోగం ఊడినట్టే."

చిత్రకారిణి వినిఫ్రెడ్ స్టోక్ కళ్ళు ఎర్రబడ్డాయి.

"నిన్న ఆరింటికి పూర్తి చేశాను సార్! ముందు తీగ మీద గూడు వేశాను, నచ్చలేదు. చివర్లో చెరిపేసి మా అమ్మ పారేసిన కెటిల్ వేశాను. నీలం కెటిల్, ముక్కు విరిగింది. అందులో గూడు. ఆరబెట్టి, గదికి తాళం వేసి వెళ్ళాను."

"ఎవరైనా చూశారా?"

"ఎవ్వరూ చూళ్ళేదు. అదే నా ఖర్మ."

తాళంచెవులు మూడు. ఆమెది, మేనేజర్‌ది, పెర్సివల్ టక్‌ది. కార్డుల వెనక నాలుగు ముక్కలు రాసేది ఈ టక్కే.

"నిన్న ఆ గదికి వెళ్ళారా?"

"లేదు సార్."

"బొమ్మ చూశారా?"

"నేను బొమ్మలే చూడను సార్. పేర్ల జాబితా ఇస్తారు, పుస్తకాలు తిరగేసి రాస్తాను. పదకొండేళ్ళుగా ఇంతే."

"37వ కార్డుకి రాశారా?"

"పొద్దున ఎనిమిదిన్నరకే ఇచ్చేశాను."

గదులు వెతికారు. అల్మరాలు దులిపారు. 1.15 అయింది. దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు. విసుగెత్తి క్రాబ్ కొత్త సిగరెట్ పెట్టె చింపాడు. లోపలి కార్డు అలవాటుగా చెత్తబుట్టలో పడేశాడు.

బ్రష్షులు సర్దుకుంటున్న వినిఫ్రెడ్ దాన్ని తీసింది. "అయ్యో, పారేస్తారేంటి సార్? పిల్లలు దీనికోసం కొట్టుకుంటారు."

"బొమ్మ చూశాను కదమ్మా."

"వెనక చదివారా?"

క్రాబ్ చెయ్యి ఆగిపోయింది. చదవలేదు. జన్మలో ఎప్పుడూ చదవలేదు.

1.35కి అందర్నీ ఆఫీసులోకి పిలిచాడు. చేతిలో టక్ ఇచ్చిన కాగితం. దాని మీద, అందిన సమయం 8.30 అని ముద్ర.

"వినండి. 'ముక్కు విరిగిన నీలం కెటిల్ చాలు, ఈ చిన్నప్రాణి అందులో రాజ్యమేలుతుంది.' మిస్టర్ టక్, ఈ కెటిల్ ఏ పుస్తకంలో ఉంది?"

టక్ మూలనున్న తన బల్ల వైపు చూశాడు.

"ఈ అమ్మాయి కెటిల్ గురించి నాకు చెప్పింది తొమ్మిది దాటాక. మీరు రాసింది అంతకుముందే. చూడని బొమ్మ గురించి ఎలా రాశారు?"

టక్ ఆ బల్ల దగ్గరికెళ్ళి, దాని మీద పరిచిన అద్దుడు కాగితం ఎత్తాడు. కిందే ఉంది పిట్ట, తడి ఆరి నిగనిగలాడుతూ. వినిఫ్రెడ్ దాన్ని లాక్కుని ఏడ్చేసింది. స్నెడన్ తల దించుకుని ప్రెస్‌కి ఫోన్ చేశాడు.

"ఎందుకయ్యా ఈ పని?" అన్నాడు క్రాబ్.

"బొమ్మ లేకపోతే ఒక్క కార్డుకైనా రెండువైపులా నా మాటలే అచ్చవుతాయనుకున్నాను సార్."

"మరి కెటిల్ సంగతి ఎందుకు రాశావు?"

"చూశాక రాయకుండా ఉండలేకపోయాను. అయినా వెనక ఎవరు చదువుతారులే అనుకున్నాను." టక్ టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "పదకొండేళ్ళకి ఒక్కరు చదివారు. ఆ వాక్యం... బాగుందా సార్?"

పొద్దుట్నుంచి అందరి మీదా కసురుకున్న క్రాబ్ కాగితం మరోసారి చూశాడు.

"బాగుందయ్యా. అదే నీ కొంప ముంచింది."

టక్ మొహం వెలిగిపోయింది. బేడీలకి చేతులు తనే ముందుకు చాచాడు.